మీర్ ఆలం, ఆయన కట్టించిన చెరువు

రంజాన్, బక్రీద్ పండుగలనాడు బహదూర్‌పురా సమీపంలోని మీర్ ఆలం ఈద్గా మైదానం నిండిపోయి, ఆలస్యంగా వచ్చినవారు రోడ్డుమీదనే జానమాజులు పరచుకొని నమాజుకు నిలబడడం మన నగరవాసులందరూ ఎరిగిన దృశ్యమే. పాతనగరంలో కూరగాయలు కొనే ఇల్లాళ్ళకు మీర్ ఆలం మండీ పరిచితమైన చోటు. 1963లో ప్రారంభమైన జంతుప్రదర్శనశాలకు వెళ్ళిన పిల్లలు దాని వెనుక పరచుకొని ఉన్న మీర్ ఆలం చెరువును చూసియే ఉంటారు. ఒక మనిషి పేరు ఈద్గాకు, అంగడికి, చెరువుకు ఇన్నేండ్లు నిలిచి ఉండగా, ఆ మనిషి ఎవరని అడిగినప్పుడు మా తరగతిలో నలుగురైదుగురు తప్ప సమాధానం చెప్పలేకపోయారు. ఆ చెప్పినవారిలోనూ ఒకరు ఆయన గొప్ప దాత అన్నారు, మరొకరు ఆయన టిప్పు సుల్తాన్ పతనానికి తోడ్పడినవాడు అన్నారు. రెండు మాటలూ నిరాధారమైనవి కావు. అందుచేతనే ఈ సంచికలో ఆయన జీవితాన్ని కొంత వివరంగా వ్రాయ సంకల్పించాము.

ఆయన అసలు పేరు సయ్యద్ అబుల్ ఖాసిం. 1752లో జన్మించారు. తండ్రి సయ్యద్ రజా పారశీక దేశంలోని షూస్తర్ పట్టణంనుండి వలస వచ్చి హైదరాబాదులో స్థిరపడిన పండిత కుటుంబీకుడు. షూస్తర్ అన్న పేరు ఇక్కడ ప్రత్యేకించి గుర్తుంచుకోదగినది. కారూన్ నదిపై కట్టిన పురాతనమైన అడ్డుకట్టలకు, నేలలో తొలిచిన నీటికాలువలకు, ఆ నీటితో తిరిగే మిల్లులకు ఆ పట్టణం శతాబ్దాలుగా ప్రసిద్ధి చెందినది. తండ్రి తన ఊరి నీటిపనుల ముచ్చట్లు కుమారునికి చెప్పినాడో లేదో గాని, అటువంటి ఊరి వంశానికి చెందినవాడు మన నగరానికి నీళ్ళు తెచ్చిపెట్టడం మాకు కాకతాళీయమైనా ముచ్చటగా తోచినది.

రాజకీయాలలో ఆయన మొదట దివాన్ అరస్తూజాహ్ వద్ద కార్యదర్శిగా ప్రవేశించారు. ఫారసీలో చక్కని వ్రాత, సభలో నిదానమైన మాట ఆయనకు పెట్టుబడి. రెండవ నిజామైన నిజాం అలీ ఖాన్ ఆయనను ఈస్టిండియా కంపెనీ వ్యవహారాలకు వకీలుగా నియమించి కలకత్తాకు పంపారు. కంపెనీ శక్తి ఎట్టిదో, దాని దొరల నడవడి ఎట్టిదో దగ్గరనుండి చూసిన తొలి హైదరాబాదీ ఉన్నతోద్యోగులలో ఆయన ఒకరు. 1792లో మూడవ మైసూరు యుద్ధం ముగిసి శ్రీరంగపట్టణంవద్ద సంధి షరతులు తేల్చినప్పుడు నిజాం పక్షాన మాట్లాడినది మీర్ ఆలమే. 1795లో ఖర్దా యుద్ధంలో మరాఠాలచేతిలో నిజాం ఓడిపోయి, అరస్తూజాహ్ పూనాలో బందీగా ఉండవలసి వచ్చిన కాలంలో మీర్ ఆలం పలుకుబడి మరింత పెరిగినది. గురువుకూ శిష్యునికీ మధ్య అసూయ కూడ అప్పటినుండే మొలకెత్తి ఉండవచ్చునని మా అనుమానం.

1798లో నిజాం కంపెనీతో సైన్య సహకార సంధి చేసుకొన్నారు. ఫ్రెంచివారి శిక్షణలోని దళాలను రద్దుచేశారు. మరుసటి సంవత్సరం మైసూరుపై సాగిన నాలుగవ యుద్ధంలో హైదరాబాదు సైన్యానికి నాయకునిగా మీర్ ఆలం వెళ్ళారు. 1799 మే 4వ తేదీన శ్రీరంగపట్టణం కోట కూలినది. టిప్పు సుల్తాన్ కత్తి చేతపట్టి పోరాడుతూ నేలకొరిగారు. మీర్ ఆలం విజయోత్సవాలతో హైదరాబాదుకు తిరిగి వచ్చారు.

ఈ ఘట్టాన్ని వ్రాయునపుడు మా కలం కొంత తడబడినదని ఒప్పుకొంటున్నాము. టిప్పును మన దేశ స్వాతంత్ర్య పోరాటానికి తొలి వీరులలో ఒకరిగా గౌరవించే కుటుంబాలనుండి మన విద్యార్థులు అనేకులు వచ్చినారు. మీర్ ఆలం తన యజమాని ఆజ్ఞ పాటించినాడని సమర్థించవచ్చును. కాని ఆ ఆజ్ఞ వెలువడడానికి దారితీసిన సలహాలలో ఆయన పాత్ర చిన్నది కాదు. యుద్ధఫలితంగా నిజాముకు దక్కిన సీమలు కూడ ఆయన ఏలుబడిలో నిలువలేదు. కంపెనీ సైన్యపు ఖర్చులకని 1800లో బళ్ళారి, కడప, అనంతపురం ప్రాంతాలు కంపెనీకే అప్పగించబడి దత్తమండలాలయ్యాయి. నేటి రాయలసీమ చరిత్రలో ఆ సంతకాల జాడ ఉన్నది. కత్తితో గెలిచినది కలంతో పోయినదన్నమాట.

విజయం తెచ్చినవాడు సుఖపడలేదు. యుద్ధధనం లెక్కలపై అనుమానాలు పుట్టాయి. అరస్తూజాహ్ విరోధం ముదిరినది. పైగా మీర్ ఆలం బంధువర్గానికి చెందిన ఖైరున్నిసా బేగమును బ్రిటిష్ రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ వివాహమాడిన వ్యవహారం దర్బారులో పెద్ద గాలివాన లేపినది. ఈ అన్నింటి పర్యవసానంగా 1800లో మీర్ ఆలం పదవీచ్యుతుడై నగరంనుండి బహిష్కరించబడ్డారు. నాలుగేండ్లు ఆయనను పలకరించినవారు తక్కువ. ఆ రోజులలోనే కుష్ఠువ్యాధి ఆయన దేహాన్ని పట్టినది.

1803లో నిజాం అలీ ఖాన్ మరణించి సికందర్ జాహ్ గద్దెనెక్కారు. 1804 మే నెలలో అరస్తూజాహ్ కూడ గతించారు. ఇంగ్లీషువారి మొగ్గుతో మీర్ ఆలం దివానుగా తిరిగి వచ్చారు. రోగగ్రస్తుడు, అలసినవాడు, పాత పగలు మరువనివాడు. కిర్క్‌పాట్రిక్ 1805లో మరణించిన పిమ్మట, నిస్సహాయురాలైన ఖైరున్నిసా బేగమును ఆయన నగరంలోనికి తిరిగి రానీయలేదు. ఆమె మచిలీపట్నంలో కాలం గడపవలసి వచ్చినది. అటువంటి మనిషి, ఆ కాలంలోనే, దివానుగిరీ చేపట్టిన యేడే, నగరానికి నైరుతి దిక్కున ఒక చెరువు కట్టకు పునాదిరాయి వేయించారు. 1804లో మొదలైన పని రెండేండ్లలో, అనగా 1806లో పూర్తి అయినది. శ్రీరంగపట్టణంలో తనకు దక్కిన వాటా ధనాన్నే దీనికి వెచ్చించినాడని తరతరాలుగా చెప్పుకొంటున్నారు.

ఆ కట్ట ఎట్టిదో చెప్పకపోతే మీర్ ఆలం జీవితం చెప్పినట్లు కాదు. మన తెలంగాణా గ్రామాలలో కనిపించే చెరువు కట్టలన్నీ దాదాపు మట్టితో పోసినవే. లోపలివైపు రాతి పరుపు, మధ్యలో తూము, ఒక ప్రక్కన అలుగు, అదియే మత్తడి. మట్టికట్ట ప్రాణమంతా ఆ మత్తడిలోనే ఉన్నది. వచ్చిన వరదను మత్తడి దాటించగలిగినంతవరకు కట్టకు భయం లేదు. మత్తడి చాలక నీరు కట్ట మీదినుండి పొర్లినదా, వెలుపలి వాలును కోసుకొంటూ పోయి గంటలలో గండి పడుతుంది. తూము ప్రక్కన నీటి ఊట మొదలై మట్టిరేణువులను వెంట తీసుకొనిపోవడం రెండవ అపాయం. కట్టపై మొలిచిన చెట్ల వేళ్ళు కుళ్ళి సొరంగాలు కావడం మూడవది. మన పెద్దలు నీరటివానిని నియమించి రాత్రింబవళ్ళు కట్టను చూడుమన్నది ఇందుకే.

మీర్ ఆలం కట్ట ఇట్టిది కాదు. అది రాయి, సున్నంతో కట్టిన 21 కమానుల వరుస. వంతెన కమానులవలె నిలువునా కాక, ఒక్కొక్కటి అర్ధచంద్రాకారంగా నేలపై వంగి, తన వీపును నీటివైపు పెట్టి నిలిచి ఉంటుంది. కమానుకూ కమానుకూ నడుమ బలమైన దిమ్మె. వాటి వెడల్పు చిన్నదానికి సుమారు 21 మీటర్లు, పెద్దదానికి సుమారు 45 మీటర్లు. ఎత్తు 12 మీటర్ల దాక ఉన్నది. రూపకల్పన ఫ్రెంచి ఇంజనీరుదని కొన్ని గ్రంథాలు, మద్రాసు ఇంజనీరు దళానికి చెందిన ఆంగ్లేయునిదని మరికొన్ని వ్రాశాయి. ఎవరు గీసినా, పని చేసినది మన వడ్డెర చేతులు, మన తాపీ చేతులు.

ఇందలి సూత్రం విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు ఆసక్తికరంగా ఉండగలదు. 12 మీటర్ల లోతున నీరు ప్రతి చదరపు మీటరుపై దాదాపు 12 టన్నుల బరువుతో నెట్టుతుంది. నీటి లోతు రెట్టింపైతే గోడపై పడే మొత్తం నెట్టుడు నాలుగు రెట్లవుతుంది. తిన్నని గోడ ఈ నెట్టుడును తన బరువుతోనే ఎదిరించవలెను, కనుక అది చాల లావుగా ఉండవలెను. రాయికీ సున్నానికీ ఒక స్వభావం ఉన్నది. అదిమితే ఎంతైనా ఓర్చుకొంటాయి, లాగితే ఇట్టే విడిపోతాయి. కమాను వీపుపై నీరు నెట్టినపుడు రాళ్ళు ఒకదానినొకటి మరింత గట్టిగా అదుముకొంటాయే గాని విడిపోవు. ఆ అదుము రెండు ప్రక్కలకు పోయి దిమ్మెలలోనికి, దిమ్మెలనుండి క్రింది నల్లరాతి నేలలోనికి దిగిపోతుంది. కమాను వ్యాసార్ధం ఎంత చిన్నదైతే దానిలోని అదుము అంత తక్కువ. అందుకే ఒకే పెద్ద కమాను కాక 21 చిన్న కమానులు పెట్టారు. తక్కువ రాతితో, తక్కువ ఖర్చుతో, రెండేండ్లలో పని ముగిసిన రహస్యం ఇదే. వరదలలో నీరు ఈ కట్ట పైనుండి పొర్లిన సందర్భాలు కలవు. మట్టికట్టకైతే అది మరణశాసనం. రాతినేలపై నిలిచిన ఈ కమానులు మాత్రం చెక్కుచెదరలేదు.

లోకంలో ఇట్టి బహుకమానుల కట్టలు మరల విరివిగా రావడానికి దాదాపు ఒక శతాబ్దం పట్టినది. ఆస్ట్రేలియాలో, పిమ్మట 1908లో అమెరికాలోని కాలిఫోర్నియాలో సిమెంటు కాంక్రీటుతో అటువంటివి కట్టారు. మీర్ ఆలం కట్ట వాటికి ముత్తాత. అంతమాత్రాన రూపమే రక్ష అని అనుకొనరాదు. ఇటలీలో గ్లెనో అను చోట కట్టిన బహుకమానుల కట్ట 1923 డిసెంబరు 1వ తేదీన, నిండిన కొద్ది వారాలకే కూలిపోయి 350 మందికి పైగా జనాన్ని పొట్టనబెట్టుకొన్నది. అక్కడ పునాదిపనిలో, వాడిన సరకులో లోపాలు బయటపడ్డాయి. కమానుల కట్టలో ఒక దిమ్మె కదిలిందంటే దానికి ఇరువైపుల కమానులు ఊతం కోల్పోతాయి. బలం పంచుకొన్నట్లే పతనాన్నీ పంచుకొంటాయి. మన కట్ట ఇరువది ఒక్క కమానులూ నిలిచినవంటే రాతిని ఎంచినవాని కన్ను, సున్నం నూరినవాని చేయి నమ్మదగినవని అర్థం.

ఈ చెరువు ఎందుకు అవసరమైనదో కూడ చూడవలెను. నగర జనం ఎక్కువగా బావుల నీటిపై బ్రదికేవారు. ఎండకాలంలో బావులు అడుగంటితే భిస్తీల తోలుసంచులే గతి. చెరువునీరు నగరంలోనికి వచ్చిన పిమ్మట కలవారూ లేనివారూ ఒకే నీరు త్రాగే వసతి కలిగినది. మసీదుల హౌజులకు, గుడుల కోనేళ్ళకు, ఇండ్ల కుండలకు ఆ నీరే. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తి అయ్యేదాక, అనగా నూరేండ్లకు పైగా, ఈ చెరువు హైదరాబాదుకు ముఖ్యమైన త్రాగునీటి ఆధారంగా ఉన్నది.

ఆ రెండు సాగరాలు రావడానికి కారణమైన విపత్తు ఇక్కడ స్మరించక తప్పదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచినది. వేలాదిగా జనం మరణించారు. మరుసటి యేడు వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు నదీపరీవాహక ప్రాంతమంతా పరిశీలించి, అందలి 788 చెరువులలో 221 తెగిపోయినట్లు తేల్చారు. వాటిలో ఎక్కువ భాగం చిన్న చెరువులే, ఒక ఊరికో రెండు ఊళ్ళకో నీరిచ్చేవే. పైచెరువు తెగి ఆ నీరు క్రింది చెరువుపై పడితే, దాని మత్తడి రెండు వానల నీటిని ఒకేసారి మోయలేక అదీ తెగుతుంది. గొలుసుకట్టు చెరువులు కరువులో ఎంత మేలో, కట్టలు పాడైనపుడు వరదలో అంత కీడు. చిన్న కట్ట గదా అని నిర్లక్ష్యం చేసినవారికి 1908 సమాధానం చెప్పినది.

నేటికీ ఈ విషయంలో మనం పూర్తిగా మేలుకొనలేదు. 2021లో పార్లమెంటు చేసిన ఆనకట్టల భద్రతా చట్టం 15 మీటర్లకు మించిన కట్టలకు, కొన్ని షరతులతో 10 నుండి 15 మీటర్ల కట్టలకు వర్తిస్తుంది. అంతకన్న పొట్టివైన ఊరి చెరువు కట్టలు వేల సంఖ్యలో ఉన్నాయి. వాటిని తనిఖీ చేయవలెనని ఆ చట్టం చెప్పదు. వాటి క్రింద ఇండ్లు మాత్రం ఏటేటా పెరుగుతున్నాయి.

మీర్ ఆలం చెరువు నీరు ఇప్పుడు త్రాగదగినది కాదు. చుట్టూ బస్తీలు పెరిగి మురుగు వచ్చి చేరినది, గుర్రపుడెక్క నీటిని కప్పినది, అడుగున పూడిక పడినది. 2020 అక్టోబరు వానలలో చెరువు పొంగి నీరు జంతుప్రదర్శనశాలలోని సఫారీ భాగంలోనికి ప్రవేశించినది. కట్ట తన పని తాను చేసినది. ఇతరులు చేయవలసిన పని మిగిలి ఉన్నది.

మరల మీర్ ఆలం వద్దకు వద్దాము. చెరువు పూర్తి అయిన 1806లోనే ఆయన ప్రాపకంతో రాజా చందూలాల్ పేష్కారు అయ్యారు. ఆ తరువాతి దాదాపు నాలుగు దశాబ్దాల హైదరాబాదు రాజకీయం, ఉర్దూ కవితాగోష్ఠులు చందూలాల్ ఛాయలో నడిచాయి. మీర్ ఆలం పేరిట హదీఖతుల్ ఆలం అను ఫారసీ చరిత్రగ్రంథం కుతుబ్‌షాహీ, ఆసఫ్‌జాహీ వంశాల కథను నిలిపినది. ఆయన అల్లుడు మునీరుల్ ముల్క్ దివాను అయ్యారు. మునీరుల్ ముల్క్ మనుమడు, అనగా మీర్ ఆలమునకు మునిమనుమడు, 1853నుండి 1883వరకు దివానుగా ఉండి రాజ్యాన్ని చక్కదిద్దిన మొదటి సాలార్ జంగ్. మూసీ ఒడ్డున మ్యూజియమును చూడవచ్చే యాత్రికులు ఆ వంశపు పేరే చదువుతారు గాని ఆ వంశానికి మూలపురుషులలో ఒకడైన మీర్ ఆలమును తలచేవారు అరుదు.

వ్యాధి ముదిరి 1808లో ఆయన మరణించారు. వయస్సు 56 యేండ్లు. చార్మినారు నగరానికి రూపమిచ్చిన మీర్ మోమిన్ దాయిరాలో, ఆ మహనీయుని సన్నిధిలో, మీర్ ఆలము సమాధి ఉన్నది. టిప్పుపై కత్తి దూసినవాడా, పాతనగరానికి నీళ్ళు పోసినవాడా అని అడిగితే ఇద్దరూ ఆ సమాధిలోనే ఉన్నారని తప్ప మేము మరొకటి చెప్పలేము. చెరువు కట్టించినది పశ్చాత్తాపంతోనని కొందరు పెద్దలు అంటారు. మాకు అంత దూరం పోవడం ఇష్టం లేదు. దివాను అయినవాడు పేరు నిలుపుకొనడానికి బారాదరీ కట్టించవచ్చును, తోట వేయించవచ్చును. ఈయన ఎవరూ పైకెక్కి చూడని చోట ఒక గోడ కట్టించి, దానిని గట్టిగా కట్టించారు.

ఈ వ్యాసానికై మేము ఇద్దరు విద్యార్థులతో ఒక ఆదివారం కట్టను చూడ వెళ్ళాము. క్రిందినుండి కమానులు లెక్కిస్తూ నడువగా 19 మాత్రమే తేలాయి. మిగిలిన రెండూ ముండ్లపొదల వెనుక ఉన్నవని అక్కడి కాపలాదారు చెప్పాడు. ఒక దిమ్మె కీలులో చేతి మణికట్టు లావున రావిమొక్క వేరు దిగి ఉన్నది. మా వద్ద కత్తి లేదు, పెరికివేయబోతే రాలేదు. కమిటీ పెద్దలు అనుమతిస్తే, వానలు పడకముందే ఎన్.ఎస్.ఎస్. విద్యార్థులను వెంటబెట్టుకొని, సంబంధిత అధికారులకు ముందుగా అర్జీ పెట్టుకొని, మరల వెళ్ళదలచాము.